స్వామికార్యం, స్వకార్యం

ఈ వారం రాజధాని లేఖ రాజధానిలో వ్రాసినది కాదు. దంతెవాడ జిల్లాలో, బైలడిల్లా కొండల పాదాన ఉన్న బచేలిలో కూర్చుని వ్రాస్తున్నాను. ఢిల్లీ విలేఖరికి ఈ గని ఊరిలో పనియేమిటని పాఠకులు అడుగవచ్చు. ఢిల్లీలో జరిగే కొన్ని వ్యవహారాల అర్థం ఢిల్లీలో ఉన్నంతకాలం బోధపడదు. ఆ వ్యవహారానికి మూలమైన చోటికి వచ్చి నిలబడితే గాని దాని మంచిచెడ్డలు కంటికి ఆనవు. అధికారుల విదేశ పర్యటనలు అటువంటి వ్యవహారాలలో ఒకటి.

రాజధానిలో ఎండలు ముదిరే కొద్దీ ఫైళ్లకు కాళ్లు వస్తాయని మాలో మేము ఛలోక్తిగా అనుకుంటూ ఉంటాము. ఏడాది పొడుగునా కదలని కాగితం, దానిమీద టోక్యో అనో, జెనీవా అనో, లండన్ అనో వ్రాసి ఉంటే చాలు, వారం తిరగకుండా మూడు అంతస్తులు ఎక్కి దిగుతుంది. చర్చలు రెండు రోజులు. పర్యటన ఎనిమిది రోజులు. మిగిలిన ఆరు రోజులు ఏమయినవని అడిగిన వారికి "స్థానిక పరిస్థితుల పరిశీలన" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. పరిశీలన ఎంత లోతుగా సాగినదో తిరుగు ప్రయాణంలో పెట్టెల బరువు చెబుతుంది.

ఒక్క ప్రయాణంలో రెండు పనులు నెరవేర్చుకోవడానికి మన భాషలో చక్కని పేరు ఉన్నది: స్వామికార్యం, స్వకార్యం. మన పెద్దలు ఈ మాటను తిట్టుగా వాడలేదు. రెండూ కలిసి రావచ్చునని ఒప్పుకున్నారు. కాని వరుస మాత్రం స్పష్టంగా చెప్పారు. స్వామికార్యం ముందు, స్వకార్యం వెనుక. ఈ వరుస తారుమారైనప్పుడే తగవు వస్తుంది.

ఇతరులను అనేముందు నా సంగతి చెప్పుకొనడం న్యాయం. సుమారు పాతికేళ్ల కిందట ఒక ప్రతినిధి బృందం వెంట పత్రికారచయితగా నేనూ జపాన్ వెళ్లాను. ఆ బృందం ఏదో, అందులో ఎవరెవరు ఉన్నారో చెప్పను. టోక్యోలో గింజా వీధుల దీపాలు చూచాము. క్యోటోలో బంగారు మందిరం చూచాము. నారాలో మహాబుద్ధుని ముందు నిలబడి ఛాయాచిత్రాలు తీయించుకున్నాము. బులెట్ రైలు కిటికీలోనుంచి ఫుజి శిఖరాన్ని చూపి, "అదిగో, అదిగో" అని పసివారివలె కేకలు వేశాము. కార్యక్రమంలో ఒక పూట సముద్రపుటొడ్డున ఉన్న ఉక్కు కర్మాగారం సందర్శన కూడా ఉన్నది. నాయకులవారికి అలసటగా ఉన్నదని దానిని రద్దు చేశారు. ఆ పూట అందరమూ అకిహబారా బజారుకు వెళ్లి కెమెరాలు, టేపురికార్డర్లు బేరమాడాము. అలసట అక్కడ ఎవరికీ కనిపించలేదు. నాకు సైతం.

ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు తప్పుగా తోచలేదు. మొన్న సాయంకాలం బచేలి బస్టాండు ప్రక్కన టీ దుకాణంలో ఒక పెద్దమనిషి తోపించాడు. పాలకొండ ప్రాంతం నుంచి పడుచుతనంలో ఇక్కడికి వచ్చి, గనిలో డంపరు నడిపి, పదవీ విరమణ తరువాత ఇక్కడనే స్థిరపడిపోయిన మనిషి. బచేలిలో ఇటువంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. నేను ఢిల్లీ పత్రికవాడినని, ఒకప్పుడు జపాన్ చూచి వచ్చినవాడినని తెలిసి ఆయన ఒక్క ప్రశ్న వేశాడు.

"అయితే బాబూ, మా రాయి అక్కడ ఏటవుతాదో సూసినారా?"

నేను బంగారు మందిరం చూచాను. ఆయన రాయిని చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "పోన్లెండి బాబూ, మళ్లీ ఎల్తే సూసి సెప్పండి" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒక మనిషి కొండను తవ్విన రాయిని మోసి దింపాడు. అది రైలెక్కి విశాఖపట్నం వెళ్లడం, అక్కడ ఓడ ఎక్కడం అతనికి తెలుసు. ఆ తరువాతి కథ చూచి వచ్చి చెప్పవలసినవారు మేము. మేము బజారు చూచి వచ్చాము.

బచేలికీ జపానుకూ ఉన్న సంబంధం ఈ తరం పాఠకులకు తెలియకపోవచ్చు. ఎద్దు మూపురంవలె కనిపించే ఈ కొండలకు బైలడిల్లా అన్న పేరు ఆ ఆకారాన్ని బట్టియే వచ్చినది. 1934-35లో భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు క్రూక్‌షాంక్ ఈ కొండలన్నీ తిరిగి, ఇనుప ఖనిజ నిక్షేపాలను గుర్తించి, వాటికి 1 నుంచి 14 వరకు అంకెలు వేశాడు. ఆ అంకెలే నేటికీ వాడుకలో ఉన్నవి. ఆయన నివేదిక ఏళ్ల తరబడి మన అల్మారాలలో నిద్రించినది. దానిని శ్రద్ధగా చదివినవారు జపాన్ ఉక్కు పరిశ్రమవారు. 1957లో అసాడా బృందం జపాన్ నుంచి ఇక్కడి ఖనిజ వనరులను చూడవచ్చినది. 1960 మార్చిలో భారత ప్రభుత్వానికీ జపాన్ ఉక్కు కర్మాగారాలకూ ఒప్పందం కుదిరినది. బైలడిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు ఎగుమతి చేయాలన్నది దాని సారాంశం. 

ఆ ఒప్పందం కోసం తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో, కొత్తవలస నుంచి కిరండోలు వరకు రైలుమార్గం వేశారు. 1968లో కిరండోలు వద్ద 14వ నిక్షేపంలో ఉత్పత్తి మొదలైనది. 1976లో విశాఖపట్నానికి పెద్ద ఓడలు ఆగే బయటి రేవు వచ్చినది. 1977లో బచేలి వద్ద 5వ నిక్షేపం తెరచుకున్నది. ఒక గని, ఒక రైలుమార్గం, ఒక రేవు. శ్రద్ధగా చేసిన కొన్ని పర్యటనలు వీటికి నాంది పలికినవి. ఆ వచ్చినవారు చిత్రకోట జలపాతం చూచి ఉండవచ్చు, దంతేశ్వరి అమ్మవారి గుడికీ వెళ్లి ఉండవచ్చు. చూచి ఉంటే సంతోషమే. రాయిని చూడడం మాత్రం వారు మరువలేదు.

పొరుగుదేశం చూడడం అన్న విద్యను జపానువారు అంతకు ముందే నేర్చినారు. 1871 డిసెంబరులో ఇవాకురా తోమోమి నాయకత్వాన ఆ దేశపు ప్రభుత్వంలో ముఖ్యులనదగినవారు పలువురు ఓడ ఎక్కారు. పడమటి దేశాలు తమ నెత్తిన రుద్దిన అసమాన ఒప్పందాలను సవరింపజేయడం వారి పనులలో ఒకటి. ఆ పని కాలేదు. మన లెక్కలో ఆ పర్యటన శుద్ధ దండుగ. కాని వారు దాదాపు రెండేళ్లు అమెరికా, ఐరోపా నగరాలన్నీ తిరిగారు. పాఠశాలలు చూచారు, చెరసాలలు చూచారు, రేవులు చూచారు, ఎస్సెన్‌లో క్రుప్ ఉక్కు కర్మాగారం చూచారు. ఉద్యానవనాలు, ప్రదర్శనశాలలు కూడా విడువలేదు. బృందంతో వెళ్లిన కుమె కునితాకె చూచినదంతా అయిదు సంపుటాలుగా వ్రాశాడు. 1878లో దానిని అచ్చువేసి ప్రజలకు అందించారు. ఆ బృందం తిరిగివచ్చిన 28 ఏళ్లకు, 1901లో, యవాతాలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారం పని ప్రారంభించినది. ఆ యవాతా సంస్థ వారసులే 1970లో నిప్పన్ స్టీల్ పేరిట బైలడిల్లా రాయి కొన్నవారిలో ముఖ్యులు. ఊరు చూడడం నేరమైతే ఇవాకురా బృందం కంటె పెద్ద నేరస్థులు చరిత్రలో ఉండరు.

ఇందుకు మన ప్రమాణం ఇంకా పాతది. సముద్రం దాటి రాజకార్యం మీద వెళ్లి, పనిలో పనిగా నగరమంతా తిరిగి చూచిన మొదటి దూత హనుమంతుడు. సీతమ్మను వెదకడం స్వామికార్యం. వెదకే నెపాన లంకలోని మేడలు, తోటలు, పానశాలలు కూడా ఆయన కంటబడినవి. కాని తిరిగి వచ్చిన తరువాత రాముడు అడిగినప్పుడు లంకకు ద్వారాలెన్ని, అగడ్త ఎటువంటిది, బలగం ఎక్కడెక్కడ ఉన్నది పూసగుచ్చినట్లు చెప్పగలిగాడు. చూచి రమ్మంటే కాల్చి వచ్చాడని సామెత. నేటి మన బృందాలను చూచి రమ్మంటే కొని వస్తున్నవి. అంతే తేడా.

సొంత ఖర్చుతో చూచి వచ్చినవారు సైతం మనలో లేకపోలేదు. మదరాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేశాడు. పుణ్యం ఆయన స్వకార్యం. కాని దారిపొడుగునా ఏ ఊరు ఎటువంటిది, రస్తా ఎలా ఉన్నది, ఎక్కడ ఏ వస్తువు దొరుకుతుంది అన్నది దినచర్యగా వ్రాశాడు. 1838లో అది అచ్చయినది. ప్రభుత్వం ఆయనకు భత్యం ఇవ్వలేదు, నివేదిక అడుగలేదు. అయినా రెండు వందల ఏళ్ల కిందటి దేశస్థితి తెలియవలెనంటే నేటికీ ఆ పుస్తకమే తెరవవలసి వస్తున్నది. నేడు భత్యం ఉన్నది, విమానం ఉన్నది, వెంట సహాయకులు ఉన్నారు. పుస్తకం లేదు.

నియమాలు లేవా అంటే ఉన్నవి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976 నుంచి అమలులోకి వచ్చినది. 2010లో దానిని కొత్తగా చేశారు. శాసనసభ్యులు, ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు పరదేశంలో విదేశీ ఆతిథ్యం స్వీకరించాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినది. మంత్రులు, జాయింటు సెక్రటరీ స్థాయి, అంతకు పైబడిన అధికారులు చేసిన పర్యటనల వివరాలు ఎవరూ అడుగకుండానే ప్రకటించాలని ఆ చట్టాన్ని పురస్కరించుకొని కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ 2012లో ఆదేశించినది. 2013 మార్గదర్శకాలలో మళ్లీ చెప్పినది. ఎక్కడికి వెళ్లారు, ఏ పని మీద వెళ్లారు, ఎందరు వెళ్లారు, ఎంత ఖర్చయినది ప్రజలకు తెలియాలన్నారు. మంచి ఆదేశమే. కాని ఆ జాబితాలో లోటు ఒకటి ఉన్నది. ఏమి చూచారు, ఏమి నేర్చుకున్నారు అన్నది అందులో లేదు. సొమ్ము లెక్క అడిగాము. చూపు లెక్క అడుగలేదు.

ఈ లోటువల్లనే మన చర్చ దారి తప్పుతున్నది. విదేశ పర్యటన అనగానే ప్రతిపక్షం ఖర్చు అడుగుతుంది. అధికారపక్షం పాత ప్రభుత్వపు ఖర్చు చెబుతుంది. పత్రికలమైన మేము రెండింటినీ కూడి శీర్షిక పెడతాము. మరి కొందరు ఒక అడుగు ముందుకు వేసి, దృశ్యశ్రవణ సమావేశాలు వచ్చిన ఈ రోజులలో ప్రయాణమే అనవసరమని అంటున్నారు. ధర కుదుర్చుకోవడానికి ప్రయాణం అక్కరలేదన్నది నిజమే కావచ్చు. తెర మీద అంకెలు బాగానే కనిపిస్తవి. కాని అవతలివాడి రేవు ఎంత శుభ్రంగా ఉన్నదో, అతని కార్మికుడు ఏ ఇంటిలో ఉంటున్నాడో, మనం పంపిన రాయిలో ఎంత భాగం వృథాగా పోతున్నదో, కర్మాగారం గోడ అవతల నది నీరు ఏ రంగులో ఉన్నదో ఆ తెర చూపదు. ఇవి చూడడానికే మనిషి వెళ్లాలి. చూడనప్పుడు వెళ్లనే అక్కరలేదు.

నది నీటి రంగు అన్నాను. ఆ మాట బచేలిలో ఊరకే వచ్చినది కాదు. గనుల నుంచి కొట్టుకువచ్చే ఎర్రమట్టితో శంఖిని, దాని వాగులు రంగు మారిన సంగతి ఇక్కడ పసిపిల్లవానికి కూడా తెలుసు. ఏళ్లుగా ఆ నీటి ఒడ్డున బ్రదికే గోండు కుటుంబాలు ఈ మాట చెబుతూనే ఉన్నవి. పడమటి దేశాలలోనూ, జపానులోనూ గనుల కలుషిత జలాలను శుద్ధిచేయడానికి చేసిన ప్రయత్నాలు, వాటిలో జరిగిన తప్పులు, చెల్లించిన మూల్యం చూడదగిన విషయాలు. ఢిల్లీ నుంచి బయలుదేరే ఒక్క బృందమైనా బచేలి నీటిని సీసాలో పోసుకుని వెళ్లి, "మీ దేశంలో ఇటువంటి నీటిని ఏమి చేశారు?" అని అడిగి వచ్చినదా? వచ్చి ఉంటే ఆ సమాధానం ఈ ఊరికి ఇంకా చేరలేదు.

బచేలికి వచ్చే పెద్దల సంగతి కూడా చెప్పవలెను. అధ్యయన యాత్రలన్న పేరిట ఢిల్లీ నుంచి, రాయపూరు నుంచి అతిథులు వస్తూనే ఉంటారు. కొండపైన ఆకాశనగర్ నుంచి మేఘాల దృశ్యం చూపుతారు. దంతేశ్వరి దర్శనం చేయిస్తారు. తీరథ్‌గఢ్, చిత్రకోట జలపాతాలు చూపి జగదల్‌పూరు పంపుతారు. వీటిలో చూడరానిది ఏదీ లేదు; నేనూ చూచాను. ఈ దేశపు అందం ఈ దేశపు ప్రతినిధులు చూడకపోతే మరి ఎవరు చూస్తారు? ఇక్కడి ఖనిజం కోసం వేసిన ఆ రైలుమార్గం మీదనే 2017 నుంచి విశాఖ, అరకుల మధ్య అద్దాల పెట్టెలో కూర్చుని యాత్రికులు కొండలను చూచి మురుస్తున్నారు. ఒకే పట్టా మీద ఖనిజం దిగుతుంది, యాత్రికుడు ఎక్కుతాడు. పనీ, విహారమూ ఒకే దారిన పోవచ్చుననడానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు. అయితే అతిథిగృహానికీ జలపాతానికీ మధ్య కార్మికుల వాడ ఉన్నది, సంత ఉన్నది, ఎర్రబారిన వాగు ఉన్నది. 1978 ఏప్రిల్‌లో కార్మికులపై కాల్పులు జరిగిన కిరండోలు కూతవేటు దూరంలో ఉన్నది. కారు అద్దం దించని అతిథికి ఇవేవీ కనిపించవు.

పరాయి దేశంలో ఏమి చూడాలో స్వదేశంలో చూడడం నేర్చినవారికే తెలుస్తుంది. అందుచేత నేను పర్యటనలు మానమనడం లేదు, నగర దర్శనం నిషేధించమనడం లేదు. రెండు రోజుల పని తరువాత మరి రెండు రోజులు క్యోటోలో గడపదలచిన అధికారి సెలవు పెట్టి, తన సొమ్ముతో, తలెత్తుకుని గడపవచ్చు. అందులో దాపరికం అక్కరలేదు. "స్థానిక పరిస్థితుల పరిశీలన" అన్న ముసుగు అసలే అక్కరలేదు. దాపరికమే విహారాన్ని అవినీతిగా మారుస్తున్నది.

ప్రభుత్వ సొమ్ముతో వెళ్లినవారిని మాత్రం మూడు విషయాలు అడిగే హక్కు మనకు ఉన్నది. తిరిగి వచ్చిన నెల లోపల, ఏమి చూచినదీ, అందులో మనకు పనికివచ్చేది ఏదీ సామాన్యునికి అర్థమయ్యే భాషలో వ్రాసి ఖర్చు వివరాల ప్రక్కనే ప్రకటించడం మొదటిది. ఏ వస్తువు గురించి చర్చలకు వెళుతున్నారో అది పుట్టే చోటును, వెళ్లేముందు ఒక్కసారి అయినా చూచి ఉండడం రెండవది. ఇనుము బేరానికి వెళ్లేవారు బచేలి చూడాలి. పొగాకు బేరానికి వెళ్లేవారు గుంటూరు చూడాలి. ఆ వస్తువును చేతులతో తీసినవారిలో ఒకరిని బృందంలో తీసుకువెళ్లడం మూడవది. ఎనిమిది మంది వెళ్లే చోట ఏడుగురు వెళ్లి ఎనిమిదవ స్థానం ఒక డంపరు డ్రైవరుకో, ఈ కొండలనే ఇల్లుగా ఎరిగిన ఒక గోండు యువతికో ఇస్తే దేశగౌరవం ఏమీ తరిగిపోదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు. జపాన్, కొరియా ఉక్కు కర్మాగారాలకు ఖనిజం పంపే దీర్ఘకాలిక ఒప్పందాన్ని 2018లో కేంద్ర మంత్రివర్గం మరి అయిదేళ్లకు పొడిగించినది. 2019 డిసెంబరులో ఎస్సార్ ఉక్కు సంస్థ చేతులు మారడంతో, కిరండోలు నుంచి విశాఖకు ఖనిజాన్ని ద్రవరూపంలో పంపే సుమారు 267 కిలోమీటర్ల గొట్టపుమార్గం మీద కూడా నిప్పన్ స్టీల్ భాగస్వామిగా ఉన్న సంస్థ దృష్టి పడినది. ఒకప్పుడు రాయి కొనడానికి వచ్చినవారు నేడు ఇక్కడి కర్మాగారాలలో వాటాదారులు. ఆరు దశాబ్దాలుగా వారు మనలను ఎంత శ్రద్ధగా చూచారో దీనినిబట్టి తెలుస్తుంది. అదే కాలంలో, అదే రైలు చేరే విశాఖలో, ముప్పై రెండు ప్రాణాలు బలిగొన్న ఉద్యమం తరువాత కట్టుకున్న మన ఉక్కు కర్మాగారం సొంత గని లేకనే మనుగడ సాగించవలసి వచ్చినది. మనం వారిని ఎంత చూచాము? చూచినదానిలో ఏది ఇంటికి తెచ్చుకున్నాము? ఆ కెమెరాలు, టేపురికార్డర్లు ఏనాడో పాడైపోయి ఉంటవి.

రేపు తెల్లవారి బచేలి నుంచి బయలుదేరుతున్నాను. టీ దుకాణంలోని పెద్దమనిషికి ఒక సమాధానం బాకీ ఉన్నాను. నా వయస్సులో మళ్లీ జపాన్ ప్రయాణం తటస్థించకపోవచ్చు. కాని ఢిల్లీ విమానాశ్రయం నుంచి ఈ ఏడు కూడా బృందాలు బయలుదేరుతవి. వారిలో ఎవరైనా ఈ లేఖ చదివితే, బంగారు మందిరం చూచిన తరువాతనైనా సరే, ఆ రాయి ఏమవుతున్నదో చూచి వచ్చి ఆయనకు ఒక్క మాట చెప్పవలసినదిగా కోరుతున్నాను.